నిచ్చెన ఎక్కిందెవరు?

కనకలక్ష్మికి పొద్దున ఆరింటికి డ్యూటీ. ఐదింటికే లేచి జొన్నరొట్టెలు మూడు కాల్చి, రెండు నాయనకు మూతపెట్టి, ఒకటి డబ్బాలో వేసుకుని, మెడలో ఆఫీసు కార్డు తగిలించుకుని బయల్దేరేది. మాదాపూర్ బండల వెనక రాళ్ళు కొట్టేవాళ్ళు వేసుకున్న రేకుల గదుల్లో ఒకటి వాళ్ళది. అక్కణ్ణుంచి ఆఫీసుకు పావుగంట నడక. దారికి ఒక పక్క కొత్తగా లేచిన అద్దాల బిల్డింగులు, ఇంకో పక్క ఇంకా పేల్చని బండలు. ఆ బిల్డింగుల పునాదుల్లో సగం రాయి ఆమె నాయన చంద్రయ్య చేతి మీదుగా పోయిందే. కట్టినన్నాళ్ళూ లోపలే తిరిగిన మనిషిని, కట్టడం అయిపోయిన మర్నాటి నుంచి వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు. కూతురు మాత్రం కార్డు చూపిస్తే చాలు, తలుపు దానంతట అదే తెరుచుకునేది. ఈ ముచ్చట చంద్రయ్య తోటివాళ్ళకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. విని విని వాళ్ళకు విసుగొచ్చింది గాని, చెప్పి చెప్పి ఆయనకు రాలేదు.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. రెండు వేలు వచ్చేలోగా లోకంలో కాగితం మీదున్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించెయ్యాలని అందరికీ ఒకటే తొందర. కనకలక్ష్మి పనిచేసే కంపెనీకి పాత విమానాల కార్డులు వచ్చాయి. ఎక్కడో తూర్పు సముద్రంలో దీవుల మధ్య తిరిగే ఒక చిన్న విమాన కంపెనీ. దాని దగ్గర ఇరవై ఏళ్ళు దాటిన విమానాలు ఆరు. వాటికి ఇంకో ఐదేళ్ళు ఎగిరే పర్మిషన్ రావాలంటే, పుట్టిన నాటి నుంచి ఏ భాగాన్ని ఎప్పుడు ఎవరు తనిఖీ చేశారో మొత్తం కంప్యూటర్లో చూపించాలి. ఆ కార్డుల ఫొటోలు ఒకదాని వెనక ఒకటి స్క్రీను మీదికి వస్తుంటాయి. చూసి కొట్టడమే పని. విమానం నంబరు, తేదీ, భాగం, తనిఖీ చేసినవాడి ముద్ర నంబరు, ఆఖర్న 'చూశారా?' అన్న గడి. చూస్తే వై, చూడకపోతే ఎన్. అన్ని కార్డుల్లోనూ వై యే ఉండేది. చూడలేదని ఎవడు మాత్రం తన చేత్తో రాసుకుంటాడు?

ఒక్కో కార్డును ఇద్దరు కొట్టాలి. ఒకరు కొట్టింది ఒకరికి కనపడదు. కనకలక్ష్మికి జోడీ మదీనాగూడ నుంచి వచ్చే జ్యోత్స్న. ఇద్దరూ కొట్టింది మిషను పోల్చి చూస్తుంది. ఒకటే అయితే సరే. తేడా వస్తే ఆ రెండు ఎంట్రీలూ కాగితం మీద అచ్చయి సీతారామయ్య గారి బల్ల మీదికి పోతాయి. ఆయన రాజమండ్రి వైపు మనిషి. రైల్వే గూడ్సాఫీసులో ముప్పై ఏళ్ళు చేసి రిటైరై, హఫీజ్‌పేట స్టేషను దగ్గర ఇల్లు తీసుకుని, ఇంట్లో పొద్దుపోక ఈ కొలువులో చేరాడు. కార్డు ఫొటో ఒకసారి చూసి, ఎవరు తప్పు కొట్టారో వాళ్ళ ఎంట్రీ మీద ఎర్ర పెన్నుతో అడ్డగీత గీస్తాడు. ఇక్కడ ఉన్న చట్టం ఒక్కటే: ఉన్నది ఉన్నట్టు కొట్టాలి. స్పెల్లింగు తప్పుంటే తప్పుగానే కొట్టాలి. సొంత తెలివి పనికిరాదు.

చిక్కంతా అక్కడే వచ్చింది. కనకలక్ష్మి చెయ్యి అబద్ధం రాయదు.

అది వాళ్ళ నాయనమ్మ కమలమ్మ నుంచి వచ్చింది. కమలమ్మకు చదువు లేదు కనుక ఆమెది వేలిముద్ర వరకే. నిజమైన కాగితం మీద ఆమె బొటనవేలు పెడితే గీతలు లెక్కపెట్టుకునేంత సాఫుగా పడేవి. దొంగ కాగితం మీద పెడితే, ఎంత సిరా పూసినా సరే, చుక్క అంటేది కాదు. పట్వారీ ఒకసారి పంతం పట్టి సీసా మొత్తం గుమ్మరించి చూశాడు. కాగితం కాగితంలాగే తెల్లగా ఉంది. దాన్ని చింపేసి, దండం పెట్టి పోయాడు. మనవరాలు చదువుకుంది గనక ఆమెకు అది పెన్నులోకి వచ్చింది. పదో తరగతి ఫారంలో బడివాళ్ళు వేసిన పుట్టినరోజు రాయమంటే, అసలు పుట్టినరోజే పడేది. మూడు ఫారాలు పాడుచేసి, చివరికి హెడ్మాస్టరే తలపట్టుకుని ఆయనే రాసిచ్చాడు. టైపు నేర్చుకున్నాక వేళ్ళన్నిటికీ పాకింది. బస్తీలో ఈ సంగతి తెలియని వాళ్ళు లేరు. ఆఫీసులో కూడా చేరిన వారానికే అందరికీ తెలిసింది. ఫలానా పిల్లది ఎడమచేతి వాటం అన్నట్టే ఇదీ ఒకటి అనుకున్నారు.

మొదటి రెండు నెలలూ ఏ గొడవా లేదు. కనకలక్ష్మి అంత సాఫుగా కొట్టే ఆపరేటరు ఆ ఫ్లోరు మీదే లేదు. మూడో నెలలో ముప్పై ఏడో నంబరు విమానం కార్డులు మొదలయ్యాయి. ఒకరోజు 'ఎడమ వైపు, కిటికీల మీది అతుకు' అన్న కార్డు వచ్చింది. ముద్ర నంబరు నలభై ఒకటి. చూశారా? వై అని ఉంది. కనకలక్ష్మి కుడి చూపుడు వేలు పైకి పోవాల్సింది కిందికి పోయింది. ఎన్ పడింది.

చెరిపి మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఎన్నే.

"ఏందే, ఆడ్నే ఆగినవ్?" అంది పక్క సీటు జ్యోత్స్న.

"నా వేలు ఇంటలేదే."

"ఎన్ మీట పీకెయ్. మీటే లేకుంటే ఎట్ల పడ్తదో చూస్త," అని జ్యోత్స్న హెయిర్‌పిన్నుతో ఆ మీటను నిజంగానే పీకేసింది. కనకలక్ష్మి వేలు పోయి ఆ ఖాళీలో పొడుచుకుని వచ్చిన ముక్కనే నొక్కింది. మీటను మళ్ళీ బిగించడానికి ఇద్దరికీ అరగంట పట్టింది.

అట్లా రోజుకు ఐదు, పది. నాలుగో నెల ముగిసేసరికి ఎర్ర గీతలు నూరు దాటాయి. వెయ్యి కార్డులకు రెండు తప్పులు దాటిన ట్రైనీని పర్మనెంటు చెయ్యరు, ఆర్నెల్లు నిండిన రోజు ఇంటికి పంపిస్తారు. అది అందరూ సంతకం పెట్టిన షరతే.

కొలువు పోతే పోయింది, ఇంకోటి దొరకదా అనుకునే సంగతి కాదు ఇది. చంద్రయ్య ఛాతీ నిండా రాతి దుమ్ము. మెట్లెక్కితే పిల్లికూతలు. గాంధీ దవాఖానలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూసి, ఇంకో ఏడాది ఉలి పట్టుకుంటే నా దగ్గరికి రావద్దు అన్నాడు. పర్మనెంటు అయితే కంపెనీ తల్లిదండ్రులకు కూడా దవాఖాన కార్డు ఇస్తుంది. "నీ కొలువు పక్కా అయిన నాడు సుత్తె కింద పెడ్త బిడ్డా, అప్పటిదాంక నన్నేం అనకు," అని చంద్రయ్య మాటిచ్చాడు. మొండి మనిషి. మాటిచ్చాడంటే అటూ ఇటూ జరగడు. అందుకే ఒక్కో ఎర్ర గీత పడుతుంటే కనకలక్ష్మికి నాయన దగ్గు వినపడేది. ఆమెకు భయంగా ఉండేది. తన చెయ్యి మీద తనకే కోపం వచ్చేది.

ఆర్నెల్లు నిండే వారం, బుధవారం నాడు, టీమ్ లీడర్ వెంకట్ ఆమెను పిలిచాడు. భీమవరం కుర్రాడు, ముప్పై కూడా ఉండవు, మెత్తటి మనిషి. కసరడం చేతకాదు. పొడుగాటి చారల కాగితం మీద అచ్చయిన ఆమె తప్పుల జాబితా బల్ల మీద మడతలు మడతలుగా పరిచి ఉంది.

"రెండు వందల పధ్నాలుగండి," అన్నాడు. "అన్నీ ఒకే విమానం. అన్నీ వైకి బదులు ఎన్."

"నా చెయ్యి అబద్ధం రాయదు సార్. మీకు తెల్సు గద."

"తెలుసండి. ఎవరు కాదన్నారు? కానీ అబద్ధం రాయదు సరే, జారదని లేదు కదండీ! వై, ఎన్, రెండూ ఒకే వేలు. ఇది నిజం రాయడమో, వేలు జారడమో నేనెలా చెప్పనండి?" జాబితా మడుస్తూ గొంతు తగ్గించాడు. "ఒక పని చేస్తాను. ఆ విమానం కార్డులు ఇంకెవరికైనా వేస్తాను. మీకు ఫోన్ డైరెక్టరీ లాట్ ఇస్తాను, పేర్లూ నంబర్లూ తప్ప ఏం ఉండవు. ఈ తప్పులు టైపింగ్ మిషను రిపేరని రాసి మాఫీ చేయిస్తాను. శనివారం మీరు పర్మనెంట్. సరేనా అండి?"

కనకలక్ష్మి గుండె ఎగిరి గంతేసింది. ఒప్పేసుకుందామనే అనుకుంది. నాలుక చివరి దాకా వచ్చింది. "ఒక్క దినం టైమియ్యుండ్రి సార్," అని, ఆ చారల కాగితం అడిగి తీసుకుని వచ్చేసింది.

మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగి తిన్నగా నాయన పనిచేసే చోటికి పోయింది. చంద్రయ్య నల్లటి బండ మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. బండ పొడుగునా గీత గీసినట్టు వరసగా బొక్కలు కొట్టి, ఒక్కో బొక్కలో ఇనుప మేకు దించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్కోదాన్ని సుత్తెతో చిన్నగా తట్టుకుంటూ పోతున్నాడు. గట్టిగా కొట్టడు. తట్టడమే. మళ్ళీ మొదటికి వచ్చి మళ్ళీ తట్టడం. కనకలక్ష్మి నీడలో కూర్చుని కాగితం విప్పి మొత్తం చెప్పింది.

చంద్రయ్యకు విమానమంటే బేగంపేట వైపు దిగుతూ నెత్తి మీద కనపడేదే. "అదెట్ల పాతవడ్తది బిడ్డా? బండి చక్రమోలె అరుగుతదా?"

"అరుగుడు కాదు నాయినా. పైన గాలి ఉండదంట. అందుకే లోపల గాలి నింపుతరు. నింపితే దాని ఒళ్ళు వెంట్రుక మందం ఉబ్బుతది. దిగినంక మళ్ళ సదురుకుంటది. ఎక్కినప్పుడల్ల ఉబ్బుడు, దిగినప్పుడల్ల సదురుడు. ఇది ఇప్పటికి అరవై వేల సార్లు లేచి దిగింది. దీవులు దగ్గర దగ్గర గద, దినానికి పదిసార్లు ఎగుర్తది."

"మరి ఆ రేకులు ఎట్ల అతికిస్తరు?"

"ఒకదాని మీదికి ఒకటి ఎక్కిచ్చి, వరసగ బొక్కలు కొట్టి, రివిట్లు బిగిస్తరు."

చంద్రయ్య సుత్తె గాల్లోనే ఆగింది. "వరసగ బొక్కలా?"

"ఆఁ."

ఆయన తన ముందున్న బండను చూసుకున్నాడు. బొక్కల వరస చూసుకున్నాడు. "ఓరి వీళ్ళ! బండను చీల్చనీకి మేం చేసేది గదే గద బిడ్డా! వరసగ బొక్కలు కొడ్తం, ఎనుకకెళ్ళి చిన్నగ తడ్తనే ఉంటం. వెయ్యి దెబ్బలకు ఏం గాదు, పైకి ఏం కనవడది. లోపల మాత్రం ఒక బొక్క కెళ్ళి ఇంకో బొక్కకు దారి పడ్తనే ఉంటది. ఆఖరి దెబ్బ చిన్న పోరడు కొట్టినా చాలు." అని మేకు మీద మళ్ళీ తట్టాడు. ఈసారి మోత మారింది. బండ ఈ చివర నుంచి ఆ చివరకు, కోసినట్టు, రెండుగా విడింది.

కనకలక్ష్మి చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, అయినా ఈసారి భయమేసింది.

"ఇగో, ఇంకో సంగతి నాయినా. ఈ నలభై ఒకటో నంబరాయన చక్రాలు చూసిండు, తలుపులు చూసిండు. గవ్వి కొడితే నా వేలు వై మీదికే పోయింది. కిటికీల మీది అతుకు ఒక్కటే ఎన్ పడ్తుంది. తొమ్మిదేండ్ల సంది."

చంద్రయ్య ఒక దగ్గు దగ్గి, మూతి తుడుచుకున్నాడు. "ఎక్కలే బిడ్డా. కింద నిలవడి చేతికి అందినంత చూసిండు. నిచ్చెన ఎక్కలే. మోకాళ్ళు నొస్తయో, కండ్లే తిరుగుతయో పాపం. నేను గీ నడుమ పెద్ద బండ ఎక్కుతలేను, ఎవలకన్న చెప్పిన్నా?"

"గండ్ల మంది కూసుంటరు నాయినా."

"కూసుంటరు," అన్నాడు చంద్రయ్య. ఏం చెయ్యమనీ చెప్పలేదు. కూతురి చేతిలోని రొట్టె డబ్బా తీసుకుని, లేచి, ఇంటి వైపు నడిచాడు.

మర్నాడు గురువారం. ఆ విమానం కార్డుల లాట్ మధ్యాహ్నం విమాన కంపెనీకి పంపించాలి. కనకలక్ష్మి వెంకట్ దగ్గరికి పోలేదు. సీతారామయ్య గారి బల్ల ముందు నిలబడింది. తన మీద ఎర్ర గీతలన్నీ గీసింది ఆయనే అని తెలిసి కూడా.

"పెద్దసార్, నేను తప్పు కొట్టలే."

"కార్డులో ఉన్నదే నేను చూస్తానమ్మా. నా ఉద్యోగం అదే. కార్డు వెనకాల ఏముందో చూడమని నాకెవరూ చెప్పలేదు." కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆమె మొహం కేసి చూశాడు. "కూర్చో. గూడ్సాఫీసులో మేం ఒకటి చేసేవాళ్ళం. వ్యాగన్‌కి సీలు సరిగానే ఉంటుంది, రసీదూ సరిగానే ఉంటుంది, కానీ మనసు ఒప్పదు. అప్పుడు తప్పు అని రాస్తే మన మెడకి చుట్టుకుంటుంది. అందుకని సందేహం అని రాసేవాళ్ళం. అడగడానికి ఎవడి పర్మిషనూ అక్కర్లేదు. ఇక్కడా ఉంది సందేహాల పట్టిక, ప్రతి కార్డుకీ ఒక గడి. ఒక్కడూ వాడడు."

"ఎందుకు వాడరు సార్?"

"అడిగింది అనవసరమని అవతలివాళ్ళు తేలిస్తే, ఒక్కోదానికి రెండు తప్పులు పడతాయి. నీకు రెండు వందల పధ్నాలుగుకి ఎన్నవుతాయో చూసుకో. వెంకట్ మాఫీ చేస్తానన్నాడుగా? ఇది పంపాక మాఫీ ఉండదు."

కనకలక్ష్మికి నాయన ఎక్స్‌రే కళ్ళముందు మెదిలింది. ఆ వెంటనే నిన్న రెండుగా విడిన బండ మెదిలింది. "ఏమని అడగాలె సార్?"

"నింద వెయ్యకు. వాళ్ళు వెళ్ళి చూస్తే గానీ జవాబు చెప్పలేని ప్రశ్న అడుగు."

ఆమె సీటుకు పోయి కూర్చుంది. మొదటి కార్డు తెరిచి, సందేహం గడిలో కొట్టింది: ఆ రోజు నిచ్చెన ఎక్కిందెవరు? వేళ్ళు గోరువెచ్చని నీళ్ళలో పెట్టినట్టు హాయిగా సాగాయి. అడగడంలో అబద్ధమేముంది? రెండో కార్డు. ఆ రోజు నిచ్చెన ఎక్కిందెవరు? మూడో కార్డు. ఒకదాంట్లోది తీసి ఇంకోదాంట్లో అతికించే వీలు ఆ ప్రోగ్రాములో లేదు, ఎన్ని కార్డులుంటే అన్నిసార్లు కొట్టాల్సిందే. రెండు వందల పధ్నాలుగు సార్లు కొట్టింది. జ్యోత్స్న తన పని మానేసి పక్కన కూర్చుని లెక్కపెట్టింది. వెంకట్ వచ్చి చూసి, "అయ్యో, ఏంటండీ ఇది!" అని రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. పట్టికలో ఎక్కిన సందేహాన్ని తీసే అధికారం ఆయనకూ లేదు. మూడింటికి లాట్ వెళ్ళిపోయింది.

శుక్రవారం అవతలి నుంచి రెండు ముక్కల జవాబు వచ్చింది. లాట్ అందింది, సందేహాలు వచ్చే వారం చూస్తాం. అంతే. ఆ రోజు కనకలక్ష్మి రొట్టె డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి తెచ్చింది.

శనివారం పొద్దున పదింటికి ట్రైనీల ఫారాలు. అదీ ఒక పరీక్షే. ఎవరి ఫారం వాళ్ళే అందరి ముందు కొట్టాలి, చేతిలో ఇచ్చిన జాబితా చూసి, ఉన్నది ఉన్నట్టు. పేరు, చేరిన తేదీ, కొట్టిన కార్డులు, మొత్తం తప్పులు. ఆఖరి గడిని బట్టి మిషనే చెప్తుంది, ఉంచుకోవాలో పంపెయ్యాలో. జ్యోత్స్నకు తొమ్మిది తప్పులు. పర్మనెంట్. ఆ పిల్ల గంతులెయ్యాల్సింది పోయి కనకలక్ష్మి కుర్చీ వెనక బిక్కమొహంతో నిలబడింది.

వెంకట్ జాబితా ఆమె ముందు పెట్టాడు. ఆ మొహం చూడలేక కిటికీ వైపు తిరిగాడు. "కొట్టండి," అన్నాడు.

పేరు కొట్టింది. తేదీ కొట్టింది. కార్డులు, ఎనభై ఒక్క వేల ఆరు వందల ముప్పై. 'మొత్తం తప్పులు' గడి దగ్గరికి వచ్చింది. జాబితాలో నల్లగా అచ్చయి ఉంది: రెండు వందల పధ్నాలుగు. కుడిచెయ్యి అంకెల మీటల మీద పెట్టింది. ఇగ అయిపాయె నాయినా అనుకుంటూ 'రెండు' మీద వేలు నొక్కింది.

వేలు దిగలేదు.

బలంగా నొక్కింది. ఆ వేలు కర్రలాగా నిలబడింది. పక్క వేళ్ళూ అంతే. ఏ ఒక్కటీ దిగలేదు. అప్పుడు, ఆమె ఏమీ చెయ్యకుండానే, బొటనవేలు కదిలింది. అంకెల మీటల్లో బొటనవేలికి ఉన్న మీట ఒక్కటే. బొటనవేలు దాని మీద నెమ్మదిగా, సాఫుగా, నాయనమ్మ ముద్ర వేసినట్టు దిగింది.

సున్నా.

మొదట అర్థమైంది సీతారామయ్య గారికి. "వెంకట్," అన్నాడు. "ఆ చెయ్యి అబద్ధం రాయదు. తప్పులు సున్నా అంటోంది. అంటే ఏ ఒక్కసారీ వేలు జారలేదు."

వెంకట్ కిటికీ దగ్గర్నుంచి గిరుక్కున తిరిగాడు. స్క్రీను మీద సున్నా చూశాడు. ఆ మనిషి జన్మలో మేనేజరు సంతకం లేకుండా విదేశానికి ఫోను చేసి ఎరగడు. ఆ రోజు రిజిస్టరులో పేరైనా రాయకుండా, కాబిన్‌లోకి పరిగెత్తి, ఫోను తీసి ఆ దీవుల నంబరు తిప్పాడు. అవతల విమానాలు బాగుచేసే హాంగరులో పెద్ద ఇంజనీరు ఎత్తాడు. వెంకట్‌కు ఇంగ్లీషు తడబడింది గాని చెప్పాల్సింది చెప్పాడు. మా ఆపరేటరు చెయ్యి అబద్ధం రాయదండి, ఆవిడ తప్పుల గడిలో సున్నా పడిందండి, మీ కిటికీల మీది అతుకు తొమ్మిదేళ్ళుగా ఎవరూ చూడలేదండి.

అవతలి పెద్దాయన "ఏ విమానం?" అని మాత్రం అడిగాడట.

"ముప్పై ఏడు."

ఫోను అట్లాగే బల్ల మీద పడేసి పరిగెత్తిన చప్పుడు వెంకట్‌కు వినపడింది.

వీళ్ళకు పదిన్నర అయితే వాళ్ళకక్కడ మధ్యాహ్నం దాటింది. ముప్పై ఏడో నంబరు విమానం ఆ రోజు ఐదోసారి లేవడానికి సిద్ధంగా ఉంది. నూట ఎనిమిది మంది ఎక్కి కూర్చున్నారు. తలుపు వేసేశారు. వేసిన తలుపు మళ్ళీ తీయించి, అందరినీ దింపి, ఎండలో నిచ్చెన తెప్పించి, ఆ పెద్దాయన స్వయంగా ఎక్కాడు. ఇక్కడ మాదాపూర్లో పధ్నాలుగు మంది ఫోను చుట్టూ నిలబడ్డారు. కనకలక్ష్మి ఒక్కతే కుర్చీలోంచి లేవలేదు. తన బొటనవేలు వైపే చూసుకుంటూ కూర్చుంది.

నలభై నిమిషాలకు ఫోను మోగింది. వెంకట్ విన్నాడు. ఒక్కో మాటా పైకి చెప్పాడు.

"రంగు గీకారట... బొక్కకీ బొక్కకీ మధ్య పగులు... పదకొండు రివిట్లు కలిసిపోయాయట... మూరెడు పొడుగట." కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంకో నాలుగైదుసార్లు లేస్తే పై రేకు డబ్బా మూతలా లేచిపోయేదని చెప్తున్నాడండి. అందరూ కిందే ఉన్నారు. నూట ఎనిమిది మందీ కిందే ఉన్నారండి!"

ఆ ఫ్లోరు మీద లేచిన కేక కింద గేటు దగ్గర వాచ్‌మన్‌కు వినపడి, ఏం కొంప మునిగిందోనని లాఠీ పట్టుకుని పైకి వచ్చాడు. జ్యోత్స్న కనకలక్ష్మిని కుర్చీతో సహా గిరగిరా తిప్పింది. కనకలక్ష్మి పెద్దగా ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వింది. సీతారామయ్య గారు మాత్రం తన బల్ల దగ్గరికి పోయి, రెండు వందల పధ్నాలుగు ఎర్ర గీతల పక్కనా ఒక్కోదానికి ఒక్కో పొట్టి సంతకం పెడుతూ కూర్చున్నాడు. గీత కొట్టేసినందుకు కొట్టేసినవాడి సంతకం ఉండాలి, అది ఆయన పద్ధతి. మరి జ్యోత్స్న కొట్టిన వైలు తప్పా అని ఎవరో అడిగారు. "ఆ అమ్మాయి ఉన్నది కొట్టింది, ఈ అమ్మాయి జరిగింది కొట్టింది. ఇద్దరూ కరెక్టే," అని వెంకట్ తేల్చేశాడు. ఫారం చూసి మిషను కనకలక్ష్మిని ఎప్పుడో పర్మనెంటు చేసేసింది, ఆ హడావుడిలో ఎవరూ గమనించలేదు.

రెండింటికి ఆమె బండల దగ్గరికి పరిగెత్తుకుంటూ పోయింది. రొప్పుతూ చెప్పింది. చంద్రయ్య అంతా విని ఒకటే అడిగాడు.

"ఎంత మంది బిడ్డా?"

"నూటెనిమిది మంది నాయినా."

ఆయన చేతిలోని సుత్తెను ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. ముప్పై ఐదేళ్ళ సుత్తె. ముందు రోజు కొట్టిన బొక్కల వరస ఇంకా సగంలోనే ఉంది. "ఇగ చాలు," అని దాన్ని బండ మీద పెట్టి, వెనక్కి చూడకుండా కూతురి భుజం పట్టుకుని కిందికి దిగాడు.

సోమవారం దవాఖాన కార్డుకు ఫొటో ఇవ్వడానికి చంద్రయ్య ఆఫీసుకు వచ్చాడు. వాచ్‌మన్ ఈసారి లేచి నిలబడి సలాం చేసి, తలుపు తనే తెరిచి పట్టుకున్నాడు. తను కొట్టిన రాయి మీద తను నడుచుకుంటూ, చంద్రయ్య కూతురి సీటు దాకా వచ్చాడు. అప్పటికి అక్కడ గుంపు ఉంది.

అవతలి నుంచి కొత్త కార్డులు ఐదు వచ్చాయి, మిగిలిన ఐదు విమానాలవి. నలభై ఒకటో నంబరాయన శనివారం సాయంత్రమే పెద్దాయన దగ్గరికి పోయి ఒప్పుకున్నాడట. తొమ్మిదేళ్ళ కింద నిచ్చెన మీంచి జారిపడ్డాడట, అప్పటి నుంచి రెండో మెట్టు మీద కాళ్ళు వణుకుతాయట, ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గేసిందట. పెద్దాయన అతన్ని తిట్టాల్సినంతా తిట్టి, నిచ్చెన తనే పట్టుకుని నిలబడి, ఒక్కో మెట్టూ ఎక్కించి, ఆ ఐదింటినీ అతని చేతే తనిఖీ చేయించాడట. అతను నిజంగా ఎక్కాడో లేదో తేలాలని, ఈ ఐదు కార్డులూ ఆ అమ్మాయితోనే కొట్టించమని రాశారు.

మొదటి కార్డు స్క్రీను మీదికి వచ్చింది. ఎడమ వైపు, కిటికీల మీది అతుకు. ముద్ర నంబరు నలభై ఒకటి. చూశారా?

కనకలక్ష్మి మీటల మీద చేతులు పెట్టింది. చంద్రయ్య దగ్గు ఆపుకున్నాడు. కుడి చూపుడు వేలు ఒక్క క్షణం గాల్లో నిలిచింది. ఆ తర్వాత పైకి పోయింది. వై.

రెండో కార్డుకూ పైకే. మూడోదానికీ, నాలుగోదానికీ, ఐదోదానికీ.

"ఎక్కిండు," అన్నాడు చంద్రయ్య, ఆ మనిషి తన బస్తీవాడే అయినట్టు. "ఎక్కిండు రా కొడుకు!"

పక్క సీట్లో జ్యోత్స్న కూడా అవే ఐదు కార్డులు కొట్టి ముగించింది. మిషను రెండింటినీ పోల్చి చూసింది. ఎక్కడా తేడా లేదు. సీతారామయ్య గారు ఎర్ర పెన్నుకు మూత పెట్టి, చంద్రయ్యకు కుర్చీ చూపించి, తండ్రీకూతుళ్ళిద్దరికీ చాయ్ తెప్పించాడు.